కొవ్వు తగ్గితే సోరియాసిస్ పోతుందా? తెనాలి చెల్లెమ్మకు జవాబు

ప్రశ్న: అక్కా, మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయనకు 39 ఏళ్లు, ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. తొమ్మిదేళ్లుగా సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, తలలో. రెండేళ్ల నుంచి స్కిన్ డాక్టర్ ఇచ్చిన మెథోట్రెక్సేట్ వారానికోసారి వేసుకుంటున్నారు, చాలావరకు అదుపులోనే ఉంది. పోయిన నెల రక్తపరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 248, చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 156, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు 290 వచ్చాయి. వేరే డాక్టర్ గారు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాశారు. ఇంతలో మా మరిది ఒక వీడియో చూపించాడు. సోరియాసిస్‌కి అసలు కారణం రక్తంలో కొవ్వేనని జన్యు పరిశోధనలో తేలిపోయిందట, కొవ్వు తగ్గించే ఇంజెక్షన్ ఒకటుందట, అది వేసుకుంటే చర్మం దానంతటదే శుభ్రపడుతుందట. ఆ రోజు నుంచి మా ఆయన మెథోట్రెక్సేట్ మానేశారు. స్టాటిన్ మొదలే పెట్టలేదు, ఆ ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నారు. మా అత్తగారు నెయ్యి, గుడ్డు, చేప, వంకాయ అన్నీ బంద్ చేశారు. ఐదు వారాలైంది, మోచేతుల మీద మళ్లీ పొలుసులు లేస్తున్నాయి. ఆ వీడియోలో చెప్పింది నిజమేనా? మా పాపకు తొమ్మిదేళ్లు, దానికీ వస్తుందా?

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రాత్రి చదివాను, పొద్దున్నే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. రేపో ఎల్లుండో మీ ఆయన్ని ఆ స్కిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందు మానేసి ఐదు వారాలైందని దాచకుండా చెప్పండి. తిడతారేమోనని చాలామంది సరిగ్గా ఇక్కడే అబద్ధం చెప్తారు, వేసుకుంటూనే ఉన్నామంటారు, అప్పుడు డాక్టర్‌కి ఈ మందు పనిచేయట్లేదని అనిపించి ఇంకా బలమైనదేదో రాయాల్సి వస్తుంది. అలాగని ఇంట్లో మిగిలిన మాత్రలు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ పరీక్షలు చూసుకుని ఎంత డోసుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకొక్క మాట: సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో, అంటే సోమవారమో ఆదివారమో, అట్ట మీద పెన్నుతో పెద్దగా రాసిపెట్టుకోండి.

స్టాటిన్ సంగతి కూడా అదే ప్రయాణంలో తేల్చుకోండి. ఈ డాక్టర్ రాసింది ఆ డాక్టర్‌కి, ఆ డాక్టర్ రాసింది ఈ డాక్టర్‌కి చూపించండి. ఆ స్టాటిన్ ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను, అసలు ఈ జవాబులో నేను చెప్పాలనుకున్నది అదే.

ఇక ఆ వీడియో. అందులో ఉన్నదంతా అబద్ధం కాదమ్మా, అదే వచ్చిన చిక్కు. నిజమైన పరిశోధన ఒకటి ఉంది, దాని తోక పట్టుకుని ఎవరో ఎక్కడికో వెళ్లిపోయారు.

సోరియాసిస్ ఉన్నవాళ్లలో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా కనిపిస్తాయని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని తెచ్చిందని చెప్పలేం. సోరియాసిస్‌లో ఒంట్లో లోలోపల ఉండే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఏళ్ల తరబడి ఉంటే అదే హెచ్‌డీఎల్‌ని తగ్గించి ట్రైగ్లిజరైడ్స్‌ని పెంచగలదు. చర్మం చూసి జనం ఏమనుకుంటారోనని మనిషి బయటికి వెళ్లడం మానేస్తాడు, నడక తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, కొందరు తాగుడు అలవాటు చేసుకుంటారు. పైగా సోరియాసిస్‌కి వాడే మందుల్లోనే కొన్ని, అసిట్రెటిన్, సైక్లోస్పోరిన్ లాంటివి, రక్తంలో కొవ్వును పెంచుతాయి. ఇన్ని దారులు ఉన్నప్పుడు కొవ్వు వల్ల చర్మం పాడైందా, చర్మం జబ్బు వల్ల కొవ్వు పెరిగిందా, లేక బరువు లాంటి మూడోది ఏదైనా రెండిటినీ లాగుతోందా అని ఒక్క రక్తపరీక్ష రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు.

ఈ ముడి విప్పడానికే జన్యువుల సాయం తీసుకున్నారు. నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు జన్యుశాస్త్రం పాఠాలు చెప్పాను, పిల్లలకు ఇది చెప్పేటప్పుడు చీటీల ఉదాహరణే వాడేదాన్ని. తల్లి దగ్గర ఒక జన్యువుకి రెండు రూపాలు ఉంటాయి, బిడ్డకు వాటిలో ఏది వెళ్తుందనేది చీటీ తీసినట్టే జరుగుతుంది. ఆ చీటీకి బిడ్డ రేపు నెయ్యి తింటుందా, షాపులో కూర్చుంటుందా, సిగరెట్ తాగుతుందా అనేవేవీ తెలియవు. కొందరికి పుట్టుకతోనే కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువగా ఉండే చీటీ పడుతుంది, కొందరికి తక్కువగా ఉండే చీటీ. జబ్బు వచ్చాక చీటీ మారదు. కాబట్టి ఎక్కువ చీటీ పడినవాళ్లలో ఫలానా జబ్బు కూడా ఎక్కువగా కనిపిస్తే, ఆ జబ్బుకు కొలెస్ట్రాల్ ఒక కారణమని అనుకోవడానికి గట్టి ఆధారం దొరికినట్టు. బఠానీ మొక్కలతో వంశపారంపర్యాన్ని లెక్కగట్టిన మెండెల్ పేరు మీదే ఈ పద్ధతిని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు.

ఈ ఆలోచన మొదట్లో పుట్టిందే కొలెస్ట్రాల్ గురించి. రక్తంలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నవాళ్లకు క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని అప్పట్లో ఒక భయం ఉండేది. 1986లో నెదర్లాండ్స్‌కి చెందిన మార్టైన్ కటాన్ అనే శాస్త్రవేత్త లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. లోపల దాగున్న క్యాన్సరే కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తోందేమో, పుట్టుకతోనే కొలెస్ట్రాల్ తక్కువగా ఉండే అపోఈ జన్యురూపం ఉన్నవాళ్లను చూడండి, నిజంగా తక్కువ కొలెస్ట్రాల్ క్యాన్సర్ తెస్తే వాళ్లకు ఎక్కువ రావాలి కదా అన్నాడు. అంతే, అదీ మొత్తం ఆలోచన. మీరు అడిగిన ప్రశ్న కూడా ఇదే రకం, ఏది ముందు ఏది వెనక అని. కాబట్టి ప్రశ్న మంచిదే, మీ ఆయనకు దొరికిన జవాబే సగం.

సోరియాసిస్ మీద ఇలాంటి అధ్యయనాలు చాలా వచ్చాయి. అందులో మీ మరిది చూసిన వీడియోకి మూలం 2023లో జామా డెర్మటాలజీ అనే చర్మవైద్య పత్రికలో వచ్చినదని నా అంచనా, ఎందుకంటే ఆ ఇంజెక్షన్ మాట దాంతోనే అతుకుతుంది. మాంచెస్టర్ పరిశోధకులు చేశారు. సోరియాసిస్ ఉన్న 12,000 మందికి పైగా మనుషుల జన్యు సమాచారం, బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ నుంచి, ఫిన్లండ్‌లోని ఫిన్‌జెన్ నుంచి తీసుకున్నారు. ఎల్‌డీఎల్ తగ్గించే మందులు ఏ జన్యువుల దగ్గర పనిచేస్తాయో ఆ మూడు చోట్లనే చూశారు. మొదటిది స్టాటిన్ పనిచేసే చోటు: లివర్ సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోకుండా అడ్డుకుంటుంది. రెండోది ఎజెటిమైబ్ అనే మందు పనిచేసే చోటు: పేగులోంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి ఎక్కకుండా ఆపుతుంది. మూడోది పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్. లివర్ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు ఉంటాయి, ఈ పీసీఎస్‌కే9 వాటిని నాశనం చేస్తూ ఉంటుంది. దాన్ని ఆపితే రిసెప్టర్లు మిగులుతాయి, రక్తంలో ఎల్‌డీఎల్ బాగా పడిపోతుంది. మీ మరిది చెప్పిన ఇంజెక్షన్ ఆపేది ఈ పీసీఎస్‌కే9నే.

ఫలితం ఏం వచ్చిందంటే, పుట్టుకతోనే పీసీఎస్‌కే9 దారిలో ఎల్‌డీఎల్ తక్కువగా ఉండే చీటీ పడినవాళ్లకు సోరియాసిస్ వచ్చే అవకాశం దాదాపు 30 శాతం తక్కువగా కనిపించింది. స్టాటిన్ దారిలో ఏమీ కనిపించలేదు. ఎజెటిమైబ్ దారిలోనూ ఏమీ కనిపించలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి చెల్లెమ్మా, వీడియో వదిలేసింది ఈ చివరి రెండు వాక్యాలనే. మీరు కాలవల కింది ఊళ్లవాళ్లు, ఇలా చెప్తాను. చెరువులో నీళ్లు ఎక్కువై ఊళ్లో గోడలు చెమ్మెక్కుతున్నాయని అనుకుందాం. చెరువుకు మూడు తూములు ఉన్నాయి. ఏ తూము ఎత్తినా నీటిమట్టం తగ్గుతుంది, మట్టమే కారణమైతే ఏ తూము ఎత్తినా చెమ్మ తగ్గాలి. మూడో తూము ఎత్తినప్పుడు మాత్రమే చెమ్మ తగ్గిందంటే సంగతి చెరువు మట్టంలో లేదు, ఆ తూముకీ ఆ గోడకీ మధ్య ఇంకేదో ఉంది. అలాగే మూడు దారుల్లో ఏ దారిలో చూసినా తగ్గేది ఎల్‌డీఎల్లే, సోరియాసిస్‌తో సంబంధం కనిపించింది మాత్రం ఒక్క పీసీఎస్‌కే9తో. అంటే రక్తంలో కొవ్వే సోరియాసిస్‌కి మూలం అనే మాటను ఈ అధ్యయనం బలపరచకపోగా, దానికి దాదాపు ఎదురు చెప్తోంది. పీసీఎస్‌కే9 లివర్‌లోనే కాదు, చర్మంలోనూ తయారవుతుంది, సోరియాసిస్ మచ్చల్లో అది ఎక్కువగా ఉన్నట్టు కూడా చూశారు. బహుశా అది చర్మంలోనే ఏదో పని చేస్తోంది. ఇది చాలా ఆసక్తికరమైన ఆధారం, నాకైతే చదివిన రోజు నిద్ర పట్టలేదు, రేపు దీన్నుంచి కొత్త మందు రావచ్చు కూడా. కానీ ఇవాళ మీ ఆయన మోచేతికి అది మందు కాదు.

ఎందుకు కాదంటే, చీటీ అనేది పుట్టినప్పటి నుంచి పనిచేస్తుంది, 39 ఏళ్లు. ఇంజెక్షన్ ఇవాళ మొదలవుతుంది. చీటీ లెక్క చెప్పింది జబ్బు రావడం గురించి, మీ ఆయనకు జబ్బు వచ్చి తొమ్మిదేళ్లైంది, వచ్చిన జబ్బు తగ్గడం వేరే ప్రశ్న. ఆ సమాచారం ఇచ్చినవాళ్లు దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్లు, మనవాళ్ల జన్యువులతో మళ్లీ చూడాల్సి ఉంది. మన దేశంలో జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 10,000 మంది జన్యుక్రమం చదివారు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ కూడా అందులో ఉంది, ఇలాంటి పని మన దగ్గర చేయడానికి అది పునాది. ఆ ఇంజెక్షన్‌ని సోరియాసిస్ మందుగా ఏ దేశమూ ఆమోదించలేదు. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న కుటుంబాలకు, గుండెపోటు వచ్చాక స్టాటిన్‌తో కూడా ఎల్‌డీఎల్ దిగనివాళ్లకు అది వరం లాంటిది. దానికోసం వెతుకుతూ చేతిలో ఉన్న రెండు మందులూ పక్కన పెట్టడం మాత్రం చాలా పెద్ద పొరపాటు.

స్టాటిన్ వేసుకుంటే చర్మం బాగవుతుందా అని మీరు అడగలేదు కానీ మీ ఆయన అడుగుతారు. చిన్నచిన్న ట్రయల్స్ జరిగాయి, ఫలితాలు ఒక తీరుగా రాలేదు. చర్మం కోసమని స్టాటిన్ వేసుకోనక్కర్లేదు.

మరి దేనికోసం? గుండె కోసం.

మా నాన్నకు సోరియాసిస్ ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే ఉంది. మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకునేవారు, ముదురు రంగు చొక్కా మాత్రం జన్మలో కొనలేదు, భుజాల మీద తలలోంచి రాలిన పొలుసు తెల్లగా కనిపిస్తుందని. పొద్దున్నే ఆయన లేచీ లేవగానే అమ్మ దుప్పటి నాలుగు మూలలూ దగ్గరకు పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి దులిపేది, ఎవరూ చూడకముందే. కొందరు చుట్టాలు మా ఇంటికొస్తే మంచినీళ్లు కూడా తాగేవాళ్లు కాదు. పథ్యం పేరుతో ఎన్నేళ్లు ఆయన చారన్నం తిన్నారో. డాబా మీద కొబ్బరినూనె రాసుకుని పొద్దుటి ఎండలో కూర్చునేవారు, దానివల్ల కాస్త హాయిగా ఉండేది, అది నిజం. ఇరవై ఏళ్లు మా ఇంట్లో అందరం ఆయన చర్మాన్నే చూశాం. 56 ఏళ్లకు గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు, బతికారు. ఆ రోజు హాస్పిటల్లో తీసిన రక్తమే ఆయన జీవితంలో మొదటి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష. అంతకుముందు ఎన్నో చోట్ల చూపించాం, ఒక్కరూ రాయలేదు, మేమూ అడగలేదు. అడగాలని మాకు తెలియదు.

అందుకే మీ రిపోర్టు చూస్తుంటే నాకు ఒకపక్క బాధ, ఒకపక్క సంతోషం. 39 ఏళ్లకే పరీక్ష చేయించారు, ఎవరో డాక్టర్ పట్టించుకుని మాత్ర రాశారు. మా నాన్నకు అది జరగలేదు.

సోరియాసిస్ చర్మంతో ఆగే జబ్బు కాదు. 2006లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో సోరియాసిస్ ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువని, జబ్బు తీవ్రంగా ఉన్న చిన్న వయసువాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువని తేలింది. 2018లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు కొలెస్ట్రాల్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ముప్పును ఎక్కువగా లెక్కేయాల్సిన విషయాల జాబితా ఒకటుంది. అందులో సోరియాసిస్ లాంటి దీర్ఘకాలిక వాపు జబ్బులు ఉన్నాయి. దక్షిణాసియా మూలాలు, అంటే మనం, అదీ ఉంది. ఏళ్ల తరబడి దిగని ట్రైగ్లిజరైడ్స్ కూడా ఉన్నాయి. మీ ఆయనకు మొదటి రెండూ ఎటూ ఉన్నాయి, మూడోది ఈ 290తో తొంగి చూస్తోంది, పైన ఎల్‌డీఎల్ 156. డాక్టర్ స్టాటిన్ రాసింది ఊరికే రాయలేదు. సోరియాసిస్‌కీ కొవ్వుకీ సంబంధం ఉందన్న మాట మీ మరిది సరిగ్గానే పట్టుకున్నాడు, కొవ్వు తగ్గిస్తే బాగుపడేది చర్మం అనుకున్నాడు, అక్కడే దారి తప్పాడు.

బీపీ, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఒకసారి చూపించండి. ట్రైగ్లిజరైడ్స్ ఇంతున్నాయంటే లివర్‌లో కొవ్వు చేరి ఉండొచ్చు, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు అది ముందే తెలియాలి. ఆయన తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగితే మాత్రం అది ఒక్కటే ట్రైగ్లిజరైడ్స్‌నీ, లివర్‌నీ, సోరియాసిస్‌నీ మూడిటినీ దెబ్బతీస్తుంది, డాక్టర్‌కి నిజం చెప్పండి. పొద్దున లేవగానే వేళ్లు, మడమలు, నడుము బిగుసుకుని అరగంటకు గానీ వదలట్లేదా అని కూడా అడగండి, అలా ఉంటే కీళ్లలోకి దిగుతోందేమో చూడాలి.

బరువు గురించి మీరు ఏమీ రాయలేదు కానీ కొలెస్ట్రాల్ కంటే ఇక్కడే జన్యు ఆధారం గట్టిగా ఉంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనం, బ్రిటన్, నార్వే సమాచారంతో, ఇదే చీటీల పద్ధతిలో చూసింది. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క, ఒక్క పాయింటు పెరిగితే సోరియాసిస్ వచ్చే అవకాశం సుమారు 9 శాతం పెరుగుతోంది. తిరగేసి చూస్తే, సోరియాసిస్ వల్ల బరువు పెరుగుతుందనడానికి అంత ఆధారం దొరకలేదు. అంటే ఈ జంటలో ఏది ముందో కాస్త స్పష్టంగా తెలిసింది. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి బీఎంఐ ఒక పాయింటంటే దాదాపు మూడు కిలోలు. డెన్మార్క్‌లో బరువు ఎక్కువున్న 60 మంది సోరియాసిస్ రోగులతో ఒక ట్రయల్ చేశారు, 16 వారాల డైట్‌తో ఒక గుంపు, రెండో గుంపు కంటే 15 కిలోల దాకా ఎక్కువ తగ్గింది. చర్మం కొంత మెరుగైంది, కానీ లెక్కల్లో ఖాయంగా చెప్పగలిగినంత కాదు. జబ్బుతో రోజు గడపడం ఎంత కష్టంగా ఉందో కొలిచే స్కోరు మాత్రం స్పష్టంగా బాగుపడింది. అందుకే బరువు తగ్గితే మచ్చలు మాయమవుతాయని మీకు ఆశ పెట్టను, మందు పనిచేయడానికి సాయపడుతుంది, గుండెకు కచ్చితంగా మేలు చేస్తుంది.

ఇప్పుడు మీ అత్తగారి పథ్యం. పెద్దావిడ మనసు నొప్పించకండి, కొడుకు మీద బెంగతో చేస్తున్న పని. కానీ వంకాయ మానితే సోరియాసిస్ తగ్గదు, గుడ్డు మానితే తగ్గదు. చేప మాన్పించడం అయితే తిరగబడ్డ పని, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్న మనిషి వారానికి రెండుసార్లు చేప తింటే మంచిది, పులుసు పెట్టండి, వేపుడు తగ్గించండి. పప్పన్నంలోకి వేసే చెంచా నెయ్యి మీద ఇంట్లో ఇంత యుద్ధం అక్కర్లేదు, గిన్నెలో పోసుకుని తాగనంత వరకు. 290 వచ్చింది ఎక్కువగా కంచంలోని అన్నం కుప్ప నుంచి, షాపులో రోజుకు నాలుగైదుసార్లు తాగే చక్కెర టీ నుంచి, కూల్‌డ్రింకుల నుంచి వచ్చి ఉంటుంది, మన ఇళ్లలో మామూలుగా జరిగేది అదే. అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు, మజ్జిగ పెంచమనండి. బజ్జీలు వేసిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వాడటం ఆపేయండి. రాత్రి పదింటికి షాపు కట్టేసి వచ్చి కడుపునిండా తిని పడుకోవడం ఉంటే, సాయంత్రం ఏడింటికి క్యారేజీ పంపండి. అత్తగారికి ఇలా చెప్పి చూడండి: పథ్యం మానట్లేదు అత్తయ్యా, మారుస్తున్నాం అని. ఆవిడ పట్టుదల అన్నం తగ్గించే వైపు తిరిగితే మీకు అంతకంటే గొప్ప సాయం దొరకదు.

పాప గురించి అడిగారు, నాకు తెలుసు మీ ఉత్తరంలో అసలు భయం ఆ చివరి లైన్‌లోనే ఉందని. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 14 దాకా అని కుటుంబాల మీద చేసిన పాత లెక్కలు చెప్తాయి. అంటే రాకపోవడానికే చాలా ఎక్కువ అవకాశం. సోరియాసిస్‌కి ఒక్క జన్యువు కాదు, అరవైకి పైగా చోట్లు గుర్తించారు, అన్నిటికంటే పెద్దది ఆరో క్రోమోజోమ్ మీద ఉన్న హెచ్‌ఎల్‌ఏ-సీ*06:02 అనే రూపం. అది ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి జబ్బు రాదు. అచ్చుగుద్దినట్టు ఒకే జన్యువులున్న కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఒకరికి రాకుండా ఉన్నవాళ్లు ఎందరో. కాబట్టి పాపకు ఏ జన్యుపరీక్షా చేయించకండి, డబ్బుల కోసం అవి అమ్ముకునేవాళ్లు వస్తారు, వద్దనండి. తరచూ గొంతు నొప్పి, టాన్సిల్స్ జ్వరం వస్తుంటే మాత్రం అశ్రద్ధ చేయొద్దు, పిల్లల్లో గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత చిన్నచిన్న చుక్కల్లా సోరియాసిస్ మొదలవడం ఉంది. గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు ఒంటి మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. పాప నాన్న పక్కన పడుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు, ఒకే టవల్ వాడినా అంటదు. ఇది పాపకు మీ నోటితో ఒకసారి చెప్పండి. మా ఇంట్లో నాకు ఎవరూ చెప్పలేదు, చుట్టాలు నీళ్లు తాగకుండా వెళ్లిపోతుంటే నేనే ఏదో ఊహించుకుని చాలాకాలం నాన్న చెయ్యి పట్టుకోవడానికి భయపడ్డాను.

మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి, లేదా ఆయన్నే చదవమనండి. తొమ్మిదేళ్లు దురదతో, పొలుసులతో బతికిన మనిషికి ఒక్క ఇంజెక్షన్‌తో అంతా పోతుందని ఎవరైనా చెప్తే నమ్మాలనే అనిపిస్తుంది, ఆయన్ని తప్పు పట్టకండి. మీ మరిదిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆ వీడియో డాక్టర్‌కే చూపించి అడగనివ్వండి, అన్న కోసమే కదా వెతికాడు. ఇంకో దారి ఏమైనా ఉందా అని కూడా అడగండి, మెథోట్రెక్సేట్ పడకపోతే అప్రెమిలాస్ట్ మాత్రలు ఉన్నాయి, అడాలిముమాబ్, సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి నిజంగా సోరియాసిస్ కోసమే ఆమోదించినవి. ఆయనకు ఇంజెక్షన్ మీదే మనసుంటే వీటి గురించి మాట్లాడమనండి.

వెళ్లేటప్పుడు ఆ లిపిడ్ రిపోర్టు, మెథోట్రెక్సేట్ పాత చీటీలు, రెండేళ్లలో చేయించిన లివర్ పరీక్షలు, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ల ట్యూబులు అన్నీ ఒక కవర్‌లో వేసుకెళ్లండి. స్టాటిన్ మొదలుపెట్టాక మళ్లీ పరీక్ష ఎప్పుడో డాక్టర్ చెప్తారు, మామూలుగా ఒకటి నుంచి మూడు నెలల మధ్య ఉంటుంది. ఎల్‌డీఎల్ ఎంతకు దిగిందో, ట్రైగ్లిజరైడ్స్ ఎంతున్నాయో, మోచేతులు ఎలా ఉన్నాయో అప్పుడు నాకు రాయండి.